బ్యాటరీకి రెండు జానల లోపు

పటమట, విజయవాడ

చిన్నీకి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కబుర్లన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, "అన్నయ్యా, ఇది కారు తలుపులు విప్పుతానంటోంది. స్పీకర్లు తనే మార్చుకుంటుందట. సామానంతా వచ్చేసింది, హాలంతా అట్టపెట్టెలే" అంది. తను ఫిర్యాదు చేస్తోంది కానీ నాకు మాత్రం ఒక్క క్షణం ఛాతీ ఉబ్బింది. వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట, "ఫ్యూజు కొన్నదా?" అని. "ఆ ఫ్యూజుల సంగతి నాకేం తెలుసు, నువ్వే అడుగు" అని పెట్టేసింది. ఇక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటావు, ఏం విన్నావో నాకు తెలియదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగైనా ఓపిగ్గా చదువు. కారు మీద చెయ్యి వేసే ముందు చదువు.

నీకు గుర్తుందో లేదో, ఏడేళ్ళప్పుడు వేసవి సెలవులకి వచ్చి రోజూ ఆటోనగర్లో నా షాపులోనే కూర్చునేదానివి. నేను సోల్డరింగ్ చేస్తుంటే సీసం తీగ చుట్ట పట్టుకుని, నేను "ఊ" అన్నప్పుడల్లా కొంచెం వదిలేదానివి. పొగ కళ్ళలోకి వస్తున్నా తల తిప్పేదానివి కాదు. ఒకాయన "ఈ మసిలో ఆడపిల్లని కూర్చోబెట్టారేంటండీ" అంటే, "దాని చెయ్యి చూడండి, వణకడం లేదు" అన్నాను. ఆ చేతి మీద నాకు ఈ రోజుకీ నమ్మకం ఉంది. నా భయమంతా తొందర గురించే. ఆ తొందర మన ఇంటి రక్తంలో ఉంది, నీకూ వచ్చింది.

ముందు కొన్న సామాను సంగతి. పెట్టెల మీద పెద్ద అక్షరాల్లో ఉండే 'మ్యాక్స్ పవర్' అంకెలు నమ్మకు. ఆర్.ఎం.ఎస్., అంటే ఆగకుండా ఇవ్వగల వాట్లు, ఆ అక్షరాల పక్కన ఉన్న అంకె ఒక్కటే చూడు. నీ స్విఫ్టులో కంపెనీ స్టీరియో మీద కూడా '50 వాట్స్ నాలుగు' అని రాసి ఉండొచ్చు. ఇంజనీరింగ్ చదివావు కదా, లెక్క కట్టు. బండి నడుస్తున్నప్పుడు వచ్చేది 14.4 వోల్టులు. ఆర్.ఎం.ఎస్. లెక్కకి దాన్ని 1.414తో భాగిస్తే 10.2. ఆ 10.2ని దానితోనే హెచ్చవేసి, స్పీకరు 4 ఓములతో భాగిస్తే 26 వాట్లు. అదీ ఎక్కడా నష్టమే లేకపోతే. నిజంగా చేతికొచ్చేది 15 నుంచి 20. 50 ఎక్కడి నుంచి వస్తుంది చెప్పు? మీ అమ్మ చెప్పిన దాన్ని బట్టి నువ్వు నాలుగు ఛానెళ్ళ ఆంప్లిఫయరు, ముందు తలుపులకి కాంపొనెంట్ స్పీకర్లు, అంటే సన్న స్వరాల ట్వీటరు విడిగా ఉండేవి, సీటు కింద పెట్టి బేస్ మోగించే ఊఫరు తెప్పించినట్టున్నావు. మంచి ఎంపికే. కానీ అన్నీ ఒకే ఆదివారం బిగించకు. ముందు తలుపుల పని చెయ్యి. కంపెనీ స్టీరియోతోనే ఒక నెల విను. స్పీకరు పెట్టె మీద సెన్సిటివిటీ, అంటే అదే వాటుకి ఎంత గట్టిగా మోగుతుందో, 90, 91 డెసిబెల్స్ అని ఉంటుంది. అది 3 పెరిగితే వాట్లు రెట్టింపు చేసినంత లెక్క. తలుపు పని శుభ్రంగా చేస్తే ఆ 15 వాట్లే నీకు చాలా ఎక్కువ అనిపిస్తాయి. ఆంప్లిఫయరు తర్వాత పెట్టుకుందువు గాని, అది ఎక్కడికీ పారిపోదు.

తలుపు విప్పడం నీకు చెప్పక్కర్లేదు. స్క్రూలు ఏ రంధ్రంలోంచి తీశావో ఫోటో తీసుకో. ఇనప స్క్రూడ్రైవరుతో ప్యానెల్ పెకలించకు, ప్లాస్టిక్ పట్టీలు దొరుకుతాయి. క్లిప్పులు రెండో మూడో విరుగుతాయి, పది ఎక్కువ తెప్పించి పెట్టుకో. స్పీకరు తీగలు కత్తిరించవద్దు. మీ బండికి సరిపోయే కప్లర్ తెచ్చి మధ్యలో పెట్టు, రేపు అమ్మేటప్పుడు మళ్ళీ పాత స్పీకర్లు పెట్టుకోవచ్చు, వారంటీ వాళ్ళతో వాదనా ఉండదు.

ప్యానెల్ ఊడదీశాక ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు నల్ల జిగురుతో అంటించి కనిపిస్తుంది. దాన్ని చెత్త అనుకుని పీకి పారేసేవాళ్ళు చాలామంది. వాన నీళ్ళు అద్దం పక్క నుంచి తలుపు లోపలికి దిగుతాయి, ప్రతి కారులోనూ దిగుతాయి. ఆ షీటు నీళ్ళని నీ వైపు రాకుండా కిందికి పంపుతుంది. తలుపు అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, నీళ్ళు అక్కడి నుంచి పోతాయి. రేకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు అంటించేటప్పుడు ఆ రంధ్రాలు మూశావో, హైదరాబాదు వానకి తలుపు తొట్టి అయిపోతుంది. రెండేళ్ళలో అడుగు తుప్పు పడుతుంది. ఆ డ్యాంపింగ్ షీటు బ్యూటైల్ రబ్బరుదే కొను. తారు కలిపిన చవక రకం మన మే నెల ఎండకి కరిగి జారుతుంది, ఆ వాసన కారులోంచి పోదు. తలుపు పైరేకు లోపలి వైపు ముందు అంటించు, రోలరుతో గట్టిగా నొక్కు. తర్వాత లోపలి రేకులో ఉన్న పెద్ద పెద్ద ఖాళీలు మూసెయ్యి. స్పీకరు వెనక గాలీ ముందు గాలీ కలిస్తే బేస్ చచ్చిపోతుంది. ఖాళీలు మూసి, స్పీకరు చుట్టూ ఫోము పట్టీ వేస్తే, కొత్త ఊఫరు కొన్నంత తేడా వస్తుంది. స్పీకరు కింద పెట్టే రింగు చెక్కపొట్టు అట్టది కాకుండా ప్లాస్టిక్‌దే వాడు. తడికి అట్ట ఉబ్బిపోతుంది.

ప్లస్ మైనస్ తికమక అయితే ఒక పెన్సిల్ బ్యాటరీ తీసుకుని స్పీకరు రెండు కాళ్ళకీ ఒక్క క్షణం తాకించు. కోను నీ వైపు ముందుకి వస్తే బ్యాటరీ ప్లస్ తాకిన కాలే ప్లస్. లోపలికి పోతే తిరగబడిందన్న మాట. రెండు తలుపులకీ చూడు. ఒకటి తిరగబడితే చాలు, ఒకటి గాలిని తోస్తుంటే రెండోది పీలుస్తుంది, అంత ఖర్చు పెట్టీ బేస్ ఏదని వెతుక్కుంటావు.

ఇక వైరింగ్ కిట్టు. 'ఆన్‌లైన్లో ఆఫర్లో వచ్చింది' అని సంబరపడ్డావట. ఆ తీగ చివర ఒక పోగు తీసి బ్లేడుతో గీకు. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. అలాంటిదైతే వెనక్కి పంపెయ్యి. పంపే గడువు దాటితే పారెయ్యి, నేను డబ్బులిస్తాను. అల్యూమినియం రాగి మోసినంత కరెంటు మొయ్యలేదు, బిగించిన చోట వదులవుతుంది, వేడెక్కుతుంది. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళు, లేకపోతే రాణీగంజ్ వెళ్ళు. గీకి చూపించమని అడుగు. చూపించనన్న షాపులో కొనకు. నీ ఆంప్లిఫయరు ఛానెల్‌కి 50 వాట్లది అయితే మొత్తం 200. అది లాగేది 20 ఆంపియర్లకి అటూ ఇటూ. 8 గేజి అసలు రాగి తీగ, 30 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. అత్తయ్యకి మాత్రమే తెలుసు.

1996 వేసవి. అప్పటికి షాపు పెట్టి తొమ్మిదేళ్ళు. బెజవాడలో కారు స్టీరియో అంటే నా దగ్గరికే వస్తున్నారన్న ధీమా వచ్చిన రోజులు. గుడివాడ వైపు నుంచి ఒక బియ్యం వ్యాపారి వచ్చాడు. మీగడ రంగు మారుతి 800, కొని ఏడాది కాలేదు. ఆంప్లిఫయరు, వెనక ఊఫరు డబ్బా కావాలన్నాడు. తెల్లవారుజామునే తిరుపతి ప్రయాణం, సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలన్నాడు. ఇచ్చేస్తానన్నాను. అప్పుడే రెండు గంటలయింది.

ఇంజనుకీ లోపలికీ మధ్య రేకు ఉంటుంది కదా, దానిలోంచి బ్యాటరీ తీగ లోపలికి తేవాలి. కంపెనీ తీగలు వచ్చే రబ్బరు దగ్గర చోటు ఇరుకుగా ఉంది. డ్రిల్లు తీసుకుని కొత్త రంధ్రం వేశాను. ఆ రంధ్రం అంచుని ఆకురాయితో రుద్దాలి, తీగ కోసుకోకుండా రబ్బరు వలయం, అదే గ్రోమెట్, తొడగాలి. ఆ సైజు గ్రోమెట్ డబ్బాలో అయిపోయింది. కుర్రాణ్ణి పంపిస్తే అరగంట. అరగంట ఎందుకని తీగకి నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి లాగేశాను. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజు హోల్డరు కూడా లేదు. ఆంప్లిఫయరు ఒంటి మీద ఎలాగూ రెండు ఫ్యూజులున్నాయి కదా, అదే చాలనుకున్నాను. తిరుపతి వెళ్ళొచ్చాక ఒకసారి తీసుకురండి, చిన్న పని ఉంది అని చెబుదామనుకున్నాను. పాట పెట్టేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మొహం చూస్తూ చెప్పడం మర్చిపోయాను.

ఇక్కడ ఒక్క విషయం ఆగి అర్థం చేసుకో. ఆంప్లిఫయరు మీద ఉండే ఫ్యూజు ఆంప్లిఫయరుని కాపాడుతుంది. బ్యాటరీ నుంచి అక్కడి దాకా వచ్చిన నాలుగు మీటర్ల తీగని కాపాడేది ఏదీ లేదు. ఆ తీగ మధ్యలో ఎక్కడ రేకుకి తగిలినా, బ్యాటరీ తన దగ్గరున్నదంతా, వందల ఆంపియర్లు, అందులోకి కుమ్మరిస్తుంది. వెల్డింగ్ చేసినట్టే. తాళం తీసేసినా ఆగదు. ఆ తీగకి తాళంతో సంబంధం లేదు.

వాళ్ళు తిరుపతి వెళ్ళొచ్చారు. ఏమీ కాలేదు. మూడు వారాలు ఏమీ కాలేదు. ఇంజను వేడికి టేపు జిగురు కారి పక్కకి జారింది. బండి అదిరినప్పుడల్లా రేకు అంచు రంపంలా తీగని కోస్తూనే ఉంది.

ఆ రోజు కంకిపాడు దాటాక రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతుంటే బండి ఆపారు. తాళం తీసి భార్యాభర్తలు దిగారు. ఐదేళ్ళ పాప వెనక సీట్లో నిద్రపోతోంది. ఎండకని అద్దాలు కొంచెం దించి ఉంచారు. ముంజలు కొడుతున్న మనిషి ముందు చూశాడు, డాష్‌బోర్డు కింద నుంచి పొగ. ఆయన కత్తి కింద పడేసి పరిగెత్తి పాపని లాగేశాడు. కానీ బానెట్ తెరిచే లివరు లోపల, స్టీరింగ్ కిందే ఉంటుంది. వ్యాపారి ఆ పొగలోకి చెయ్యి పెట్టి లివరు లాగాడు. లాగాడు కానీ ప్లాస్టిక్ కరిగి అరచేతికి అంటుకుంది. ముంజల మనిషే మళ్ళీ కత్తి తెచ్చి బ్యాటరీ మైనస్ తీగని రెండు వేట్లకి తెంపాడు. అప్పుడు ఆగింది. ఒక్క రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్ని రాత్రులు లెక్క వేసుకున్నానో నాకే తెలియదు. ముంజలవాడు అటువైపు తిరిగి కూర్చుని ఉంటే? అద్దాలు పూర్తిగా ఎక్కించి ఉంటే?

నాలుగో రోజు ఆయన షాపుకి వచ్చాడు. కుడి చేతికి కట్టు. ఎడం చేత్తో న్యూస్‌పేపరు పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. జానెడు తీగ ముక్క. ఒక చోట పైన ఎర్ర ప్లాస్టిక్ కాలి, ఉడికిన సగ్గుబియ్యంలా బుడిపెలు కట్టింది. ఆ మధ్యలో రాగి పోగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుని చిన్న పూసలా అయ్యాయి. దాని పక్కనే రేకు అంచు కోసిన గాటు, సన్నగా, నున్నగా, బ్లేడుతో గీసినట్టు. ఆయన అరవలేదు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొట్టి ఉంటే బాగుండేది. "మేస్త్రీ, ఇది చిన్న పొరపాటా, పెద్ద పొరపాటా? నాకు ఈ పని తెలియదు, అందుకే అడుగుతున్నా" అన్నాడు. నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. ఫ్యూజు హోల్డరు అప్పుడు పాతిక రూపాయలు. గ్రోమెట్ రెండు రూపాయలు. నాకు నోరు పెగల్లేదు.

బండి బాగు చేయించి ఇచ్చాను. దానికి అత్తయ్య రెండు జతల గాజులు అమ్మాం. అడగకముందే తీసి ఇచ్చింది, ఒక్క మాట అనలేదు. ఆ రెండు జతలూ మళ్ళీ చేయించడానికి ఆరేళ్ళు పట్టింది. పాప ఎలా ఉందో ఆ తర్వాత రెండు మూడుసార్లు వాళ్ళ ఊరు వెళ్ళి చూసొచ్చాను, వేరే పని మీద వచ్చినట్టు. షాపు మూసే వరకూ ఫ్యూజు లేకుండా ఒక్క తీగ నా చేతుల మీదుగా పోలేదు. రద్దీ రోజుల్లో కూడా, డబ్బాలో ఫ్యూజు హోల్డరు లేదంటే ఆ రోజుకి పని లేదంతే. అప్పటి నుంచే ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తి తీగ పొడవునా బొటనవేలితో తడుముకుంటూ వెళ్ళేవాణ్ణి. నువ్వు "ఎందుకు మావయ్యా అలా నిమురుతావు" అని అడిగావు ఒకసారి. నీకు ఏడేళ్ళు. అప్పుడు చెప్పలేదు.

కాబట్టి ఇలా చెయ్యి. ముందు ఉంగరం, గాజులు, మెళ్ళో గొలుసు తీసి లోపల పెట్టు. పానా ప్లస్ మీద ఉండగా దాని రెండో కొన బాడీకి తగిలితే మెరుపు వస్తుంది, మధ్యలో నీ ఉంగరం ఉంటే వేలు కాలుతుంది. మాటలు కావు, ఆటోనగర్లో అలా వేలు పోయినవాణ్ణి చూశాను. పది నంబరు పానాతో మైనస్ ముందు విప్పు, దానికి గుడ్డ చుట్టి పక్కకి పెట్టు. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తర్వాత. ప్లస్ దగ్గర ఫ్యూజు హోల్డరు, బ్యాటరీకి రెండు జానల లోపు. పద్ధెనిమిది అంగుళాలు అని పుస్తకాల్లో ఉంటుంది, నీ జానతో కొలిస్తే ఇంకా దగ్గరగా వస్తుంది, మంచిదే. ఫ్యూజుని చిట్టచివర, అన్నీ సరిచూశాక పెట్టు. రేకులోంచి తీగ తెచ్చేటప్పుడు కంపెనీ గ్రోమెట్‌లోంచే దారి చెయ్యి, కొత్త రంధ్రం వెయ్యక తప్పకపోతే అంచు రుద్ది, కొత్త గ్రోమెట్ తొడుగు, తీగ మీద ముడతల పైపు వెయ్యి. పెడల్స్ దగ్గర తీగ వేలాడకూడదు. సీటు పట్టాల మీదుగా పోకూడదు, సీటు జరిపినప్పుడల్లా నలుగుతుంది.

ఎర్త్ తీగ పొట్టిగా, మందంగా ఉండాలి. బాడీ మీద రంగు ఉప్పుకాగితంతో రుద్ది, వెండిలా మెరిసే దాకా రుద్ది, అక్కడ బోల్టుతో బిగించు. సీటు బెల్టు బోల్టు దగ్గర మాత్రం కాదు. అది ప్రాణం పట్టే బోల్టు, దాన్ని ముట్టుకోవద్దు. పాటల తీగలు ఒక పక్క నుంచి, కరెంటు తీగ ఇంకో పక్క నుంచి తీసుకెళ్ళు. ఇంజను రేసు చేసినప్పుడల్లా స్పీకర్లో ఈల వస్తే చాలావరకు దోషం ఎర్త్‌దే. వేరే పెట్టెలేవీ కొనకుండా ముందు అక్కడ చూడు.

సీటు కింద పసుపు కప్లర్లు, పసుపు తొడుగు వేసిన తీగలు కనిపిస్తాయి. అవి ఎయిర్‌బ్యాగువి. వాటిని విప్పకు, గుచ్చకు, టెస్టు లైటు పెట్టకు, వాటికి ఏదీ కట్టకు. మైనస్ విప్పాక కూడా కారు పుస్తకంలో రాసినంత సేపు ఆగి అప్పుడే చెయ్యి పెట్టు. ట్వీటరు తీగ ముందు అద్దం పక్క స్తంభంలోంచి పోవాల్సి వస్తే, పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, పక్క అద్దాల మీదికి తెరలా దిగేది, ఉందో లేదో చూసుకుని, ఉంటే దాని వెనక నుంచే కంపెనీ తీగల వెంబడి పోనివ్వు. ముందు నుంచి అడ్డంగా కట్టకూడదు. నా రోజుల్లో ఇవి లేవు. ఇవి వచ్చాక, ఒక్కో కొత్త బండికీ పుస్తకం తెరిచి చదివే చేశాను.

బ్యాటరీ విప్పితే గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి. కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి, ముందే చూసి రాసిపెట్టుకో. అంతే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

గెయిన్ అని ఆంప్లిఫయరు మీద ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని వాల్యూమ్ అనుకుని పూర్తిగా తిప్పేవాళ్ళే ఎక్కువ. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టు. బేస్, ట్రెబుల్ అన్నీ సున్నా. గెయిన్ అడుగు నుంచి మెల్లగా తిప్పుకుంటూ రా. గొంతు గరగరలాడిన చోట ఆగి, కాస్త వెనక్కి తిప్పి వదిలెయ్యి. అంతకు మించితే పాట తరంగం పైభాగం తెగి చదునైపోతుంది, అది ట్వీటర్లని కాలుస్తుంది. వాట్లు తక్కువైన ఆంప్లిఫయరుని బలవంతంగా అరిపించి ట్వీటర్లు కాల్చుకున్న బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. తలుపు స్పీకర్లకి 80 హెర్ట్జ్ కంటే కింది స్వరాలు వెళ్ళకుండా కోసెయ్యి, ఊఫరుకి అంతకు పైవి కోసెయ్యి. ఎవరి పని వాళ్ళు చేస్తే గోల ఉండదు.

బాగుందో లేదో డప్పు పాటలతో చూడకు, అవి ఏ పెట్టెలోనైనా బాగుంటాయి. మృదంగం ఉన్న కచేరీ ఒకటి పెట్టు. కుడి వైపు వలంతల గణగణ, ఎడమ తొప్పి గుంభనం వేరువేరుగా వినపడాలి. తొప్పి దెబ్బ తలుపులోంచి కాక ఎదురుగా డాష్‌బోర్డు మీంచి వచ్చినట్టు ఉండాలి. తర్వాత ఘంటసాల పద్యం పెట్టు. ఆయన గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటే బేస్ ఎక్కువైంది, ముక్కులోంచి వచ్చినట్టుంటే మధ్యలో ఏదో ఎగిసింది. మీ అమ్మా నేనూ చిన్నప్పుడు ఆ గొంతుని విజయవాడ రేడియోలో, చిన్న పెట్టెలో, ఎదురింటి అరుగు మీద కూర్చుని విన్నాం. మీ అమ్మని కారులో కూర్చోబెట్టి పెట్టు. సరిగ్గా ఉందో లేదో నీ ఫోన్లో యాప్ కంటే మీ అమ్మ మొహం బాగా చెబుతుంది.

వాల్యూమ్ గురించి కూడా చెప్పాలి, విసుక్కోకు. నాకు కుడి చెవి ఎందుకు పోయిందో నువ్వు ఎప్పుడూ అడగలేదు. ముసలితనం అనుకుని ఉంటావు. ముప్పై ఏళ్ళు రోజుకి నాలుగైదు బండ్లు, తలుపులు మూసుకుని డ్రైవరు సీట్లో కూర్చుని పూర్తి వాల్యూమ్‌లో పరీక్ష చేశాను. డ్రైవరు కుడి చెవి పక్కనే కదా తలుపు. ఇప్పుడు ఆ చెవిలో రాత్రీ పగలూ కీచురాయి అరుస్తూనే ఉంటుంది. అత్తయ్య కుడి పక్కన కూర్చుని ఏమైనా చెబితే నేను మొత్తం తిరగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఏంటంటే, 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే నాలుగే గంటలు. మీ ఇంటి నుంచి ఆఫీసుకి ట్రాఫిక్‌లో రోజుకి రెండు గంటలు. వెనక అంబులెన్సు హారన్ కొడితే నీకు వినపడాలి. అద్దం ఎక్కించినా వినపడాలి.

రేపు కొరియర్లో ఒక పార్సిల్ పంపిస్తున్నాను. నాలుగు సైజుల గ్రోమెట్లు, ఫ్యూజు హోల్డర్లు రెండు, 30 ఆంపియర్ల ఫ్యూజులు ఆరు, నా ఆకురాయి, నా పాత మల్టీమీటర్. మీటర్ తీగలు కొత్తవి వేశాను, బ్యాటరీ మార్చాను. ఆకురాయి పిడి కొంచెం వదులుగా ఉంటుంది, జాగ్రత్త. న్యూస్‌పేపర్లో చుట్టిన ఇంకో చిన్న పొట్లం కూడా ఉంటుంది. అందులో ఉన్నది ఏంటో నీకు ఇప్పుడు తెలుసు. పనిముట్ల పెట్టెలో అన్నిటి కంటే పైన పెట్టుకో. మీ అమ్మకి చూపించకు, అది భయపడుతుంది.

పార్సిల్ అందే దాకా బానెట్ ఎత్తకు. తలుపుల పని మొదలుపెట్టు, కాదనను. ఆంప్లిఫయరు రోజు వచ్చినప్పుడు, మైనస్ బిగించే ముందు నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండైనా ఫర్వాలేదు, అత్తయ్య నన్ను లేపుతుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి బండి రెక్క మీద, చక్రం పైన రేకు మీద, ఉంచి బిగించు. నేను ఎడమ చెవికి పెట్టుకుని వింటూ ఉంటాను.

నీ
మావయ్య